పోస్టు శబ్దవిచారము

కొన్ని సంవత్సరములక్రిందట నొక పరీక్షలో భాషాంతరీకరణపత్రములను దిద్దు భారము నాపైఁ బడినది. ఆంగ్లమునుండి తెలుఁగు చేయవలసిన వాక్యములలో నొకదాని భావమిది: ముట్టడి జరుగుచుండఁగా వృద్ధుఁడైన కావలిభటుఁడు ప్రాణము పోవువఱకుఁ దన 'పోస్టు'ను విడువలేదు. ఇందు పోస్టనఁగా నతనికి నియమింపఁబడిన కావలిచోటు. కాని కొందఱు విద్యార్థు లతఁడు స్తంభమును విడువలేదనియు, మఱికొందఱు ఉత్తరమును విడువలేదనియు వ్రాసిరి. ఒక బాలుఁడు రెండర్థములను సమన్వయింపఁదలఁచెను గాఁబోలు, ఆ ముదుసలి తపాలాపెట్టె వ్రేలాడుచున్న స్తంభమును గౌఁగిలించుకొని మరణించెనని వ్రాసెను. మేమందఱము నవ్వితిమి, సున్న వేసితిమి. తరువాత నా పాఠశాలలో బాలురచేతులలోనుండు చిన్న నిఘంటువును దెప్పించి చూచితిని. పోస్టునకు నెదురుగా 'స్తంభము, తపాలా, ఉద్యోగము, తరువాత' అని నాలుగర్థము లొక్క పంక్తిలో, నడుమఁ గామాలు తప్ప మఱి యే భేదమును లేక, కూర్పఁబడియున్నవి. కావలిచోటను నర్థ మందు లేనేలేదు. ఆ పంక్తిని జూచినపిదప నా నవ్వునకు నేనే సిగ్గుపడితిని. బాలుఁడు తనకుఁ జెప్పఁబడిన యర్థములను దన శక్తికొలఁది నతికినాఁడు. అతుకరానివానిని దగ్గఱఁ జేర్చి యతనిచేతి కిచ్చినవారము మనము.

ఆ పంక్తిలో లోపించినది నాలుగవదో యైదవదో యగు నర్థము మాత్రము కాదు. ఆంగ్లమున పోస్టనునది నానార్థములుగల యొక్క శబ్దము గాదనియు, రూపసామ్యముచేత నొక్కటిగాఁ గనఁబడు మూఁడు వంశముల శబ్దములనియుఁ దెలుపు గుఱుతు లోపించినది. ఇది నేను క్రొత్తగాఁ గనుఁగొన్న విషయము కాదు. ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు తొలికూర్పు 1884 మొదలు 1928 వఱకు భాగములుగా వెలువడినది. అందు 'పీ' యక్షరమునకు సంపాదకుఁడైన జేమ్స్ ముర్రే పండితుఁడు పోస్టును వేర్వేఱు శబ్దములుగా విడఁదీసి, యొక్కొక్కదానికి వేఱు పుట్టుకను జూపియున్నాఁడు. పెద్ద నిఘంటువులో నున్న వివేకము చిన్న నిఘంటువులోనికి దిగునప్పుడు జాఱిపోవుచున్నది.

మన శాస్త్రములలో నీ చర్చ ప్రాచీనమైనది. రూప మొక్కటియై యర్థము భిన్నమైనప్పుడు శబ్ద మొక్కటియా యనేకమా యను ప్రశ్నమును భర్తృహరి వాక్యపదీయమున నెత్తి, యేకత్వవాదుల మతమును నానాత్వవాదుల మతమును రెండును జూపినాఁడు. కోశకారులు మాత్ర మీ జగడమునకుఁ బోలేదు. అమరమున నానార్థవర్గమునందును, పైడిపాటి లక్ష్మణకవి యాంధ్రనామసంగ్రహమున నానార్థవర్గమునందును రూప మొక్కటియైన నర్థము లన్నియు నొకచోటనే పఠింపఁబడినవి. కంఠపాఠమున కది యనుకూలము. పద్యమునఁ గుదురుట కది యవసరము. కాని పద్యమునకుఁ దగిన యేర్పాటు వచనములో నుండు నకారాది నిఘంటువునకుఁ దగునా? పుట్టుక తెలిసిన శబ్దముల విషయమున నానాత్వపక్షమే చరిత్రకు సరిపడునని నా యభిప్రాయము. పోస్టును నిదర్శనముగాఁ గొని దీనిని విచారింతును.

మొదటిది స్తంభవంశము. లాటినుభాషలో పోస్తిస్ అనఁగా ద్వారబంధపు నిలువుకంబము. ఈ శబ్దము ప్రాచీనాంగ్లకాలముననే యా భాషలోఁ జేరినది. ఈ వంశము మిక్కిలి నిలుకడ గలది. తలుపుకంబము, మంచపుకోడు, లాంతరుకంబము, దారి చూపు కంబము, నేరస్థునిఁ గట్టి కొట్టు కంబము, ఇవి యన్నియు నాంగ్లేయునకు పోస్టులే. ఇట్టిచోట మన భాష సంపన్నతరము. పూరియింటినడుమఁ గప్పును మోయునది నిట్రాట. పందిరికిఁ బాఁతునది రాట. పశువును గట్టునది గుంజ. ఆలయముముందర నుండునది ధ్వజస్తంభము. యజ్ఞవాటికలో నుండునది యూపము. వీనిలో నేదానినైనను పోస్టనుట కాంగ్లమున నడ్డు లేదు. తెలుఁగువాఁడు పెండ్లిపందిరి రాటను గుంజ యన్నచో నింటివా రూరకుందురని నేను చెప్పలేను.

స్తంభవంశమునుండి రెండు కొమ్మలు చెప్పుకొనఁదగినవి గలవు. పదునాఱు పదునేడు శతాబ్దములలో లండను వీథులయందలి కొయ్యకంబములపైఁ బ్రకటనలును, నాటకముల పత్రములును అంటించెడివారు. కంబమున కెక్కించుట క్రియగా మాఱి, బహిరంగముగాఁ బ్రకటించుట యను నర్థ మేర్పడినది. గోడమీఁది ప్రకటనపత్రమునకు పోస్టరను పేరు దీనినుండి వచ్చినదే. మన దేశమునను స్తంభము మాట చెప్పుట కలవాటుపడినదే. అశోకుని ధర్మలిపులును, ద్రాక్షారామాది క్షేత్రములలోని మండపస్తంభములపై దానశాసనములును జూడుఁడు. మన స్తంభములు రాతివి గనుక మాట చెక్కఁబడినది. లండను స్తంభములు కొయ్యవి గనుక మాట యంటింపఁబడినది, మఱునాఁడు చింపఁబడినది. రెండవ కొమ్మ పందెములది. గుఱ్ఱపుపందెమున గెలుపుకంబమును ముందుగా దాఁటిన గుఱ్ఱము గెలిచినట్లు. దీనినిబట్టి, సగముకంటెఁ దక్కువయైనను దక్కిన యభ్యర్థులకంటె నెక్కువ వోట్లు పొందినవాఁడు నెగ్గు నెన్నికవిధానమునకుఁ 'గంబమును ముందు దాఁటుట' యను నర్థమిచ్చు పేరు పెట్టిరి. మన లోకసభయెన్నికలు జరుగు విధాన మదియే. పేరులోని పోస్టు తపాలాకును, ఉద్యోగమునకును గూడఁ జెందదు. అయినను పౌరశాస్త్రము చదువు బాలురలోఁ బెక్కుమంది యది పదవి యనియే తలంతురు. సభ్యత్వ మొక పదవి కావున వారి పొరపాటు సహజమైనది.

రెండవ వంశమే యసలు కథ. లాటినున పోనెరే యను ధాతువునకు నుంచుట, నిలుపుట యని యర్థము. దాని కర్మణిభూతకృదంతము, మన వ్యాకరణపరిభాషలోఁ జెప్పిన క్తప్రత్యయాంతము, స్త్రీలింగమున పోసితా, నపుంసకమున పోసితమ్. ఇటలీభాషలో నివి నడిమి యచ్చును గోల్పోయి పోస్తా యనియు, పోస్తో యనియు నైనవి. ఫ్రెంచిభాషలో రెండును పోస్త్ అనునొక్క రూపమునే పొందినను, లింగభేదము మాత్రము నేఁటికిని నిలిచియున్నది: స్త్రీలింగమున నది తపాలా, పుంలింగమున నది స్థానము, ఉద్యోగము. ఆంగ్లమునకు శబ్దలింగము లేదు. కావున ఫ్రెంచినుండి వచ్చిన యీ యక్కాదమ్ము లాంగ్లమున నొకే వేషమును ధరించిరి. వారికంటె ముందుగా నచ్చట నిలిచియున్న కంబము కూడ నా వేషమునే ధరించియుండెను.

స్త్రీలింగశాఖను జూతము. 'నిలుపఁబడినది' యనఁగా నేది? రాజమార్గమునఁ గొంత దూరమున కొకచోట వార్తను దీసికొని పోవుటకు సిద్ధముగా నిలుపఁబడిన మనుష్యుఁడు, గుఱ్ఱము, విడిది. ఇట్టి యేర్పాటు పారసీకరాజ్యమున నుండినట్లు హెరొడోటసు వ్రాసినాఁడు. మన దేశమున దానిని గన్నులారఁ జూచి వర్ణించినవాఁడు మొరాకోదేశస్థుఁడైన ఇబ్ను బతూతా. పదునాలుగవ శతాబ్దమున ముహమ్మదు బిన్ తుగ్లకు కాలములో గుఱ్ఱపు వార్తాహరులు నాలుగు మైళ్ల కొకచోటను, కాలిబంట్లు మైలునకు మూఁడుచోట్లను సిద్ధముగా నుండిరని యాతఁడు చెప్పెను. కాలిబంటు ఒకచేత లేఖను, ఒకచేత రెండు మూరల కఱ్ఱను బట్టుకొని పరుగెత్తును. కఱ్ఱకొనకుఁ గట్టిన గంటల చప్పుడు విని ముందటివాఁడు నడుము బిగించుకొనును. గుఱ్ఱములకంటెఁ గాలిబంట్లే త్వరగా వార్తఁ జేర్చిరని కూడ నాతఁడు వ్రాసినాఁడు. కఱ్ఱకు గంటలు గట్టుకొని పరుగెత్తు తపాలాబంట్రోతు, రైలు వచ్చిన చాలకాలమునకుఁ గూడ, మన మన్యపు దారులలోఁ గనఁబడెను.

ఇంగ్లండున ఎనిమిదవ హెన్రీరాజు బ్రయను ట్యూకు అనువానిని పోస్టుల యధికారిగా నియమించెను. ఆ కాలపు లేఖలపై విలాసముతోఁబాటు 'త్వర, పోస్టూ, త్వర' అను నర్థముగల హెచ్చరిక వ్రాసెడివారు. కొన్నింటిపై నురికంబపుబొమ్మను గూడ గీసిరి. ఆలసించిన నేమగునో చదువురాని రౌతునకుఁ జెప్పుట కది చాలును. ఈ హెచ్చరికయే శబ్దచరిత్రకు మంచి సాక్ష్యము. పోస్టను మాట యప్పటికే చోటును విడిచి మనుష్యుని కెక్కినది. పిదప మనుష్యుని విడిచి యతని వేగమున కెక్కినది. మిక్కిలి త్వరగా ననుట కాంగ్లములో 'పోస్టు హేస్టు' అను పలుకుబడి యీ హెచ్చరికనుండియే పుట్టినది. వేగమునుండి యతని సంచిలోని యుత్తరములకును, ఉత్తరములనుండి వానిని నడపు ప్రభుత్వశాఖకును వ్యాపించినది. నిలుపఁబడినది యని పేరు గలది పరుగెత్తుట కర్థమైనది! ఇట్టి విపరీతములు పుట్టుక నెఱుఁగనివానికి వింతలు, ఎఱిఁగినవానికిఁ దిన్నని త్రోవలు.

చార్లెసురాజు 1635లో రాజుగారి పోస్టులను బ్రజల యుత్తరములకుఁ దెఱచెను. రెండవ చార్లెసు కాలమున 1660లో నది శాసనపూర్వకమైన శాఖ యైనది. 1840లో రోలండు హిల్లు ప్రయత్నముచేత నొక్క పెన్నీకి దేశములో నేమూలకైనను ఉత్తరము పోవు నేర్పాటు కలిగినది. ఉత్తరములపెట్టె కంబమువలె నుండుటచేఁ దపాలాకు పోస్టని పేరు వచ్చెనని మన పాఠశాలలలోఁ జెప్పు వారు గలరు. పైని జెప్పిన బాలునకుఁ గూడ నెవరో చెప్పియుందురు. ఆ కంబపుపెట్టె లాంగ్లద్వీపములలో మొదట జెర్సీయందు 1852లో నిలుపఁబడినవి. తపాలాశాఖలో నుద్యోగియైన నవలాకారుఁడు ఆంథొనీ ట్రాలపు వానిని సూచించినవాఁడు. ఉత్తరములను మోయువాఁడు పోస్టనిపించుకొని యప్పటికి మూఁడువందల యేండ్లు గడచినవి. కుమారుఁడు తండ్రికంటె ముందు పుట్టఁడుగదా!

ఈ శాఖలోనివే మఱికొన్ని యున్నవి. విడిదివిడిదికి గుఱ్ఱములను మార్చుకొని త్వరగాఁ బోవుటయు, బండిగుఱ్ఱము నెక్కి తోలువారిపద్ధతిని బట్టి జీనుపై లేచుచుఁ గూర్చుండుచు స్వారిచేయుటయుఁ గూడ నాంగ్లమున నా క్రియచేతనే చెప్పఁబడును. తపాలారౌతు ఊఁదుకొమ్ము గుఱుతుగాఁ గల యుత్తరపుఁగాగితమునకు నా పేరే వచ్చినది. చిట్టాలోని పద్దును ఖాతాలోని కెక్కించుటయు నదియే. తపాలాకు మఱియొక పేరైన మెయిలు మొదట సంచికిఁ బేరు. మనము తపాలాసంచి యన్నచో నా యాంగ్లపదము పుట్టుకను దెలియకయే చెప్పినవార మగుచున్నాము.

ఇఁక మన భాషలకు వత్తము. మద్రాసులోఁ బ్రధాన తపాలాకార్యాలయము 1786లో నేర్పడినది; 1854లో దేశమంతటి కొక్కటే యర్ధణా వెల గల తపాలాబిళ్ళ వచ్చినది; 1879లోఁ గాలణా కార్డు వచ్చినది. నైజామురాష్ట్రమునఁ దపాలా వేఱుగానే నడచి, 1869లోఁ దన బిళ్ళలను దాను వెలువరించి, 1950లో భారతశాఖలో గలిసినది. కాని పోస్టను పదము రాకముందే యా పదార్థము మనకుఁ గలదు. పదార్థము గలచోటఁ బదమును గలదు. అది యంచె. అంచె యనఁగా వార్తాహరుఁడుగాని బోయీలుగాని మాఱు మజిలీ. అంచెలంచెలుగా నను పలుకుబడిలో నది నేఁటికిని మజిలీయే. కన్నడములో నంచెయే తపాలా యైనది. తమిళమున నంజల్, మలయాళమున నంచల్ కూడఁ దపాలాయే. తిరువాన్కూరు సంస్థానపుఁ దపాలాకుఁ బేరే యంచల్. నిలుపఁబడిన చోటు వార్తకుఁ బేరగుట లాటినుసంతతికి మాత్రమే చెల్లిన వింత కాదని యిందువలన స్పష్టము. తోఁబుట్టువులైన భాషలు మూఁడు దానిని వార్తకుఁ బెట్టుకొనఁగాఁ దెలుఁగు మాత్రము దానిని మజిలీగానే యుంచుకొని, వార్తకుఁ దపాలాను దెచ్చుకొన్నది.

తపాలా పుట్టుకయు వివాదగ్రస్తమే. యూలు, బర్నెలు పండితులు 1886లోఁ బ్రకటించిన హాబ్సన్‌జాబ్సన్ కోశములో దానిమూల మస్పష్టమని చెప్పి, మూఁడు మాటలను జేర్చినారు. సి. పి. బ్రౌనుగారు దానిని మజిలీ యనునర్థముగల ఫ్రెంచి ఎతాప్ శబ్దముతో ముడిపెట్టఁజూచిరఁట. బీమ్సు పండితుఁడు ముద్రవేయు నిల్లను నర్థమున నార్యభాషాపదముగా సాధింపఁజూచెనఁట. మూఁడవమాట మనకు మిక్కిలి ప్రియమైనది: తెలుఁగు గుమాస్తాలు టప్పాలు అను మాటను బహువచనముగా భ్రమించి, 'లు'వర్ణమును దీసివేసి, టప్పా యని యేకవచనమును గల్పించిరని బ్రౌనుగారు చెప్పిరఁట. ఈ కల్పనను జూచి గుమాస్తాలను బరిహసింపఁ బనిలేదు. ఆంగ్లేయులును బఠాణికి మొదటిపేరైన పీజు శబ్దమును బహువచనమని భ్రమించి పీ యను నేకవచనమును జేసికొన్నవారే. అయినను బ్రౌనుగారి ఫ్రెంచి యూహ నాకు సమ్మతము గాదు. మహారాష్ట్రభాషలో టప్పా యనఁగా మజిలీ, టపాల్ అనఁగాఁ దపాలా; రెండును బ్రక్కప్రక్కనే బ్రదుకుచున్నవి. ఇంటిప్రక్కన నూయి యుండఁగా సముద్రము దాఁటి నీరు తేనేల? ఆ లెక్కను టప్పాయను రూపము గుమాస్తాల భ్రమవలనఁ బుట్టియుండినను, భ్రమపడియే వారు సరియైన మూలమునకుఁ జేరిరి.

నపుంసకశాఖ యింతకంటె సుగమము. ఇటలీ పోస్తో సైనికునకు నియమింపఁబడిన చోటు. పదునాఱవ శతాబ్దాంతమున నాంగ్లములోఁ గావలిచోటుగాఁ బ్రవేశించి, పదునేడవ శతాబ్దము ముగియునప్పటి కుద్యోగ మను నర్థమును బొందినది. చోటు చూపఁబడినవానికి జీతము గలదు. జీతము గలచోటు పదవి. సైన్యములో రాత్రి కావలిచోట్లను దనిఖీ చేయునప్పుడు బూరాతో నూఁదు కడపటి పాటకు 'లాస్టు పోస్టు' అని పేరు. మృతసైనికుల సంస్మరణసభలలో దానిని విను మనవారు కడపటి యుత్తర మని దాని కర్థము చెప్పుకొనుట నే నెఱుఁగుదును. ఆ యర్థము కరుణరసమునకుఁ దగియున్నదిగాని సత్యము గాదు. ఈ శాఖకును మనయందు సమాంతరము గలదు. సంస్కృతమున స్థానము, ప్రాకృతమున ఠాణము, హిందీలో థానా, తెలుఁగున ఠాణా. నిలుచుచోటు సైనికుల చోటై, పిదపఁ బోలీసుల చోటైనది. అర్థములు నడచు త్రోవలు దేశములు వేఱైనను దఱచుగా నొక్కటియే. పదవి యను మాటయు మొదట నడచిన జాడ, త్రోవ. పిదప స్థానము, అధికారము. ఉద్యోగము మొదటఁ బ్రయత్నము, తెలుఁగున జీతపుఁగొలువు. ఈ మార్పు తెలియని బాలుఁడు తిక్కనగారి యుద్యోగపర్వమును గొలువు వెదకుకొన్నవారి కథ యనుకొన్న మనము మరల నవ్వుదుము గాఁబోలు.

మూఁడవ వంశమును గూర్చి యెక్కువ చెప్పవలసినది లేదు. లాటినులోఁ బోస్ట్ అనఁగా వెనుక, తరువాత. భాషాశాస్త్రజ్ఞులు దీనిని మన పశ్చాత్తునకు జ్ఞాతిగాఁ జెప్పుదురు. ఇది స్వతంత్రముగా నిలువక సమాసపూర్వపదమై వచ్చును. ఉత్తరపుఁ జివర వ్రాయు తాజాకలమునకు నాంగ్లనామమును, మధ్యాహ్నానంతరకాలమును జెప్పు నక్షరములును దీనివే. ఇందొక చమత్కారము గలదు. తండ్రి పోయినపిదపఁ బుట్టిన బిడ్డను జెప్పు పోస్తుముస్ అను లాటినుపదమునకుఁ గడపటివాఁడని మాత్రమే యర్థము. మట్టికి హుముస్ అని పేరుండుటచే, తండ్రి మట్టిలోఁ గలిసినపిదపఁ బుట్టినవాఁడని వ్యుత్పత్తి కల్పించి, నడుమ హకారమును జొనిపిరి. ఆంగ్లమున నా హకారము నేఁటికిని వ్రాయఁబడుచున్నది, పలుకఁబడుట లేదు. పండితులు చేసిన తప్పు లిట్లు వర్ణక్రమములో నెక్కి కూర్చుండును; గుమాస్తాలు చేసిన తప్పులకు మాత్రము మనము నవ్వుదుము.

వంశము తెలిసినను గొన్నిచోట్లఁ జిక్కు తీఱదు. కంప్యూటరులద్వారా నలుగురు చదువునట్లు ప్రకటనలనుంచు నేర్పాటు 1978లో షికాగోనగరమున మొదలైనప్పుడు దానికిఁ బ్రకటనపలక యనునర్థముగల పేరే పెట్టిరి. కావున నట్టిచోట వ్రాతనుంచుట స్తంభవంశమునకుఁ జెందిన క్రియ. కంబమున కంటించిన కాగితమునకు నది మునిమనుమఁడు. అంతర్జాలములోఁ దెలుఁగు వ్రాయువారు దానికిఁ దగినపేరు వెదకి, టపా యని నిర్ణయించుకొన్నారు. చరిత్రను జూచిన నిది వంశాంతరము: స్తంభమునకుఁ బుట్టినదానిని మజిలీకి దత్తత చేసినారు. వ్యాకర్త కోపింపవచ్చును. నాకు మాత్రము కోపము లేదు. గుమాస్తాల కల్పన యని నిందింపఁబడిన రూపము మరల లేచి వచ్చి యొక తరమువారి నోట నాడుచున్నది. భాష యాంగ్లము ననుసరింపక తనత్రోవను దాను బోయినచోట దానిని దిద్దఁబూనుట మన పని కాదు; అట్లు పోయెనని వ్రాసికొనుట మన పని.

ఇప్పుడు పోస్టు తెలుఁగుపదము. పోస్టు వచ్చినదా యనిన నుత్తరములు. పోస్టు పడినదా యనిన నుద్యోగపుఁ బ్రకటన. పోస్టింగెక్కడ యనిన నియమింపఁబడిన యూరు. స్తంభార్థమున నది తెలుఁగునఁ దానై నిలువదు. వీథిలోని విద్యుద్దీపపుఁగంబమును మనవారు కరెంటు స్తంభమనియే యందురు. ఆటస్థలములోని గోలుపోస్టువంటి సమాసములలోఁ దప్ప నా వంశము మనలోఁ బాదు కొనలేదు. పోస్టుమార్టము శవపరీక్షయై, పిదప నేవిషయమునైనను జీల్చి విమర్శించుటకుఁ బేరైనది. అనఁగా నాంగ్లనిఘంటువులోని క్రమమును దెలుఁగునిఘంటువులోనికిఁ బ్రతి వ్రాయుట తప్పు. తెలుఁగున దాని యర్థము లెన్ని, యేవి ముందు, ఏవి లేవు, అను విషయములను దెలుఁగువాడుకయే నిర్ణయింపవలయును.

ఇందులకు విరుద్ధముగా నొకరు నాతో వాదించిరి: ఉత్తరమును ఉద్యోగమును జెప్పు పదమొక్కటిగాఁ దెలుఁగువాని చెవికిఁ దోఁచుచున్నప్పుడు వంశముతోఁ బనియేమి? సమాధానముగా నేను జాబును జూపితిని. తెలుఁగున జాబనఁగా నుత్తరము. అరబ్బీలో జవాబనఁగాఁ బ్రత్యుత్తరము. అది మనలో వ్రాసిన కాగితమునకుఁ బేరైనది. సంస్కృతమున సమాధానమైన యుత్తరమునకును మనము కట్టిపెట్టిన గతి యదియే. ఇప్పుడు చదువుకొన్న కుఱ్ఱవాని నోట జాబనఁగా నాంగ్లమునుండి వచ్చిన మాట, ఉద్యోగము. పోస్టనిన నుత్తరమును ఉద్యోగమును. జాబనినను ఉత్తరమును ఉద్యోగమును. అర్థములజత యొక్కటే. కాని పోస్టులో నారెండు నొక్కతల్లి బిడ్డలు, ఒకే ధాతువున కొకే ప్రత్యయము చేరఁగాఁ బుట్టినవి, లింగము మాత్రమే వేఱు. జాబులో నారెండు నెన్నఁడు నొకదాని మొగ మొకటి యెఱుఁగనివి, ఒకటి యరబ్బులది, ఒకటి యాంగ్లేయులది. కామా పెట్టి రెండర్థములను బ్రక్కప్రక్కన వ్రాయు నిఘంటువు ఈ రెంటికిని నొక్కటే రూపు కల్పించును. జాబునకు రెండారోపములు, పోస్టునం దీ రెండర్థముల కొక్క యారోపమున రెండు శాఖలు చూపినప్పుడే బాలునికి సంగతి తెలియును. నాతో వాదించినవారు దీనికి వెంటనే యొప్పుకొనలేదు. ఒక జాబు వ్రాసెదమనిరి. అది యింకను రాలేదు.

సందర్భమునుబట్టి యర్థనిర్ణయము చేయుట మన పండితులకుఁ గొత్త గాదు. శంఖచక్రములతోఁ గూడిన హరి యనఁగానే విష్ణువని నిశ్చయింపఁదగునని సంయోగాదులను బాలురకుఁ జెప్పుచునే యున్నాము. కావలిభటుఁడు, ముట్టడి యను మాటల సాహచర్యమున పోస్టునకుఁ గావలిచోటని యర్థము నిర్ణయించుట యా పద్ధతియే. కాని సాహచర్య మున్నయర్థములలో నొకదానిని నిర్ణయించునేగాని, చేతిలోని నిఘంటువున లేని యర్థమును సృజింపనేరదు. ఆంగ్లపాఠమును దెలుఁగుపాఠమును వేర్వేఱు గదులలోఁ జెప్పునంతకాలము నీ పద్ధతి యొకగదినుండి యొకగదికిఁ బోదు.

కడపట నొక్క శబ్దమునుగూర్చి నా నిర్ణయము చెప్పి విరమింతును. చెక్‌పోస్టు మన దారులన్నింట నున్నది. దారి కడ్డముగా నొక వాసము, దానికిఁ బ్రక్క నొక కంబము నుండుటచేఁ జాలమంది యది స్తంభవంశమని తలంతురు. నాతోఁ బనిచేసిన యొక పండితుఁ డట్లే వ్రాసినాఁడు. వాసము లేకున్నను దనిఖీచేయు నుద్యోగి యున్నచో నది చెక్‌పోస్టే. ఉద్యోగి లేక వాసమొక్కటే యున్న నది యడ్డుకఱ్ఱ. కావున నది పోస్తో సంతతి, ఠాణాకు సోదరి. హైదరాబాదులో జూబ్లీహిల్సు చెక్‌పోస్టన నొక కూడలి గలదు. మెట్రోరైలు నిలుచుచోటికిని నా పేరే పెట్టినారు. అచ్చట దిగువారు తనిఖీకై దిగుట లేదు. చోటునకుఁ బుట్టిన మాట తిరిగి చోటునకే పేరైనది. నా కూర్పులో దీనిని గావలిచోటను శాఖక్రిందనే, ఊరిపేరను నర్థముతోఁ గూడ, వ్రాసియున్నాను.